అత్త మీద కోపం జెర్సీ మీద

కొత్త జెర్సీ ఫొటో బయటికొచ్చి గంట కాలేదు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి అభిమానులమైన మా గ్రూపులో మెసేజ్‌లు మూడొందలు దాటాయి. కాలర్ కుదరలేదని ఒకరు. ఈ ఎరుపు మన ఎరుపు కాదని ఒకరు. పాత డిజైన్‌నే అటూ ఇటూ తిప్పి మన మొహాన కొట్టారని ఇంకొకరు. "అడిడాస్‌ని సాగనంపి నైకీని తెస్తే గానీ ఈ టీమ్ బాగుపడదు" అని ఒక తమ్ముడు తేల్చేశాడు. దానికి పద్నాలుగు లైకులు. అందులో ఒకటి నాదే. నవ్వొచ్చి కొట్టాను, ఇప్పుడు సిగ్గేస్తోంది.

అదే గ్రూపులో క్లబ్ వార్షిక లెక్కలు వచ్చాయని నేను లింకు పెడితే ఇద్దరే తెరిచి చూశారు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. అంతే.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టుంది మన యవ్వారం. ఓనర్ల మీద కోపం, కోచ్‌ల మీద కోపం, చిన్న టీమ్ గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో 12-11తో ఓడి లీగ్ కప్ నుంచి ఇంటికొచ్చిన రాత్రి మీద కోపం, అన్నీ పోయి పోయి కాలర్ మీద పడుతున్నాయి. మన చేతికందేది అదొక్కటే మరి. ఓనర్లైన గ్లేజర్లని మార్చలేం, జెర్సీ అయితే కొననని చెప్పగలం. నాకు అర్థమవుతుంది. కానీ ఈ క్లబ్‌లో పదేళ్ళుగా సరిగ్గా పనిచేస్తున్న డిపార్ట్‌మెంట్ ఏదైనా ఉందంటే అది జెర్సీ అమ్ముకునేదే. అసలు రోగం కూడా అక్కడే ఉందని నా అనుమానం.

లెక్క చూడండి. నైకీ 2002 నుంచి పదమూడేళ్ళకు ఇచ్చింది 30 కోట్ల పౌండ్ల చిల్లర. 2014లో అడిడాస్‌తో కుదిరిన ఒప్పందం పదేళ్ళకు కనీసం 75 కోట్లు. 2023లో దాన్ని 2035 దాకా పొడిగించారు, ఈసారి కనీసం 90 కోట్లు. ఆ "కనీసం" దగ్గర ఒక్క క్షణం ఆగండి. టీమ్ మొదటి స్థానంలో ఉన్నా, పదిహేనోలో ఉన్నా, మీరు జెర్సీ కొన్నా, మానినా ఆ సొమ్ము రావాల్సిందే. కోత పడేదల్లా యూరప్ పెద్ద క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్‌లో ఆడకపోతే. 2025-26 నుంచి అలా ఆడని ప్రతి సీజన్‌కీ కోటి పౌండ్లు తగ్గుతాయి. ఏడాదికి సగటున తొమ్మిది కోట్లు వచ్చే చోట కోటి తగ్గితే ఎవరికి చెమటలు పడతాయి?

ఇంకో కథ ఉంది, "జెర్సీలు అమ్మి ట్రాన్స్‌ఫర్ డబ్బు లాగేస్తారు" అని. 2021లో రొనాల్డో తిరిగొచ్చినప్పుడు ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. బాబూ, జెర్సీ తయారు చేయించేది కంపెనీ, దుకాణాలకు చేర్చేది కంపెనీ, అమ్మకం మీద లాభంలో పెద్ద ముక్క తినేది కూడా కంపెనీయే. క్లబ్‌కి ముందే మాట్లాడుకున్న మొత్తం ముడుతుంది, అమ్మకాల మీద చిన్న వాటా వస్తుంది. పేరున్న ఆటగాడు వస్తే జెర్సీలు బాగానే పోతాయి, కాదనను. దానితో అతని జీతం వెళ్ళిపోతుందనుకోవడం మాత్రం మన భ్రమ.

ఇప్పుడు 2024-25 సీజన్ గుర్తు చేసుకోండి, కష్టమైనా సరే. 38 మ్యాచ్‌ల్లో 18 ఓటములు, 42 పాయింట్లు, 15వ స్థానం. బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ టాటెన్‌హామ్‌కి 1-0తో సమర్పించుకున్నాం. అదే ఏడాది క్లబ్ ఆదాయం 66.65 కోట్ల పౌండ్లు. అప్పటికి క్లబ్ చరిత్రలోనే రికార్డు! మైదానంలో అంత దరిద్రం, గల్లాపెట్టెలో అంత కళకళ. అంత వచ్చీ చివరికి 3.3 కోట్ల నష్టం చూపించారు, అది వేరే విద్య.

నా గోలంతా ఈ ఒక్కదాని గురించే. ఓడితే గల్లాపెట్టె ఖాళీ అయ్యే క్లబ్‌కి ఓనరైతే నిద్ర పట్టదు, తప్పు చేసిన మర్నాడే దిద్దుకుంటాడు. మన దగ్గర ఓడినా డబ్బు ఆగదు. పాత కోచ్ ఫెర్గూసన్ వెళ్ళిన 2013 నుంచి తప్పు మీద తప్పు చేస్తూ కూడా వీళ్ళు ఇంత తాపీగా ఉండగలిగారంటే, పడ్డా దెబ్బ తగలకుండా కింద పరుపు వేసింది ఈ స్పాన్సర్ల సొమ్మే. అంటే మన పిచ్చే. మనమింతమందిమి ఉన్నామని చూపించే కదా ఆ ఒప్పందాలు రాబట్టేది.

"మరి అంత డబ్బుంటే కష్టాలెందుకు?" అని ఆ తమ్ముడే అడిగాడు. మంచి ప్రశ్న. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అదిగో 2005లో జరిగింది అదే. గ్లేజర్లు సుమారు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ని కొన్నారు. అందులో చాలా భాగం అప్పు, ఆ అప్పులో పెద్ద భాగం తెచ్చి క్లబ్ నెత్తినే పెట్టారు. 1931 నుంచి అప్పులేని క్లబ్ అది. ఇల్లు కొన్నవాడు కిస్తీలు ఇంటినే కట్టుకోమన్నట్టు. వడ్డీలు, డివిడెండ్లు, మిగతా ఖర్చులు కలిపితే ఇప్పటిదాకా బయటికి పోయింది వంద కోట్ల పౌండ్ల పైమాటే. అయినా 65 కోట్ల డాలర్ల దీర్ఘకాలిక అప్పు 2025 లెక్కల్లో చెక్కు చెదరకుండా కూర్చుంది.

2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ వ్యాపారి రాట్‌క్లిఫ్ క్లబ్‌లో 27.7 శాతం వాటా కొని లోపలికొచ్చాడు. నేనూ సంబరపడ్డవాణ్ణే, పాత మెసేజ్‌లు తవ్వి నన్ను ఇబ్బంది పెట్టకండి. ఆయన చేసిందేమిటి? రెండు విడతల్లో నాలుగొందల పైచిలుకు ఉద్యోగాలకు ఎసరు. సిబ్బందికి ఉచిత భోజనం బంద్. సీజన్ నడిమధ్యలో టికెట్ 66 పౌండ్లు చేసి, పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఉండే రాయితీ ఎత్తేశారు. సరే, పొదుపు అనుకుందాం. అదే 2024లో కోచ్ టెన్ హాగ్ ఒప్పందాన్ని జులైలో పొడిగించి అక్టోబర్‌లో పీకేశారు. స్పోర్టింగ్ డైరెక్టర్‌గా ఏరికోరి తెచ్చుకున్న యాష్‌వర్త్‌ని ఐదు నెలలకే పంపేశారు. టెన్ హాగ్‌కి, అతని కోచింగ్ సిబ్బందికి, యాష్‌వర్త్‌కి కలిపి చెల్లించింది 1.45 కోట్ల పౌండ్లు. ఎన్నేళ్ళ భోజనాలు అవి?

ఇక ఆటగాళ్ళ సంగతి. మనలో చాలామంది పట్టించుకోనిది ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టండి. ఆటగాణ్ణి కొన్న ధర పుస్తకాల్లో ఒకేసారి పడదు, ఒప్పందం ఎన్నేళ్ళయితే అన్నేళ్ళకు పంచుతారు. 2022లో ఆంటొనీకి 8 కోట్ల పౌండ్ల పైన పోశాం, ఐదేళ్ళ ఒప్పందం. అంటే ఏటా కోటిన్నర పైన ఖర్చు రాస్తూ పోవాలి. మూడేళ్ళు గడిచాక కూడా పుస్తకంలో మూడు కోట్ల పైచిలుకు మిగిలే ఉంటుంది. అంతకంటే తక్కువకు అమ్మితే ఆ తేడా నష్టమే. అందుకే "వాణ్ణి ఎంతకో ఒకంతకు వదిలించుకోండి" అని మనం అరిచినంత తేలిగ్గా వాళ్ళు వదిలించుకోలేరు. అరువుకి పంపుతారు, జీతంలో కొంత మనమే కడతాం, వాడక్కడ గోల్ కొడితే మనం ఏడుస్తాం. చివరికి 2025లో స్పెయిన్ క్లబ్ బెటిస్‌కి ఆ మూడు కోట్ల కంటే తక్కువకే ఇచ్చేశాం.

దీనికి రెండో వైపు ఇంకా చేదు. మన అకాడమీలో పెరిగిన పిల్లాడికి కొన్న ధర సున్నా. అమ్మితే వచ్చిందంతా పుస్తకంలో లాభం. మూడేళ్ళలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదని 2024లో లీగ్ నిబంధన ఒకటి మెడ మీద కత్తిలా ఉండేది. అప్పుడు అకౌంటెంట్ చూపు ఎవరి మీద పడుతుంది? సొంత పిల్లల మీదే. మెక్‌టొమినే అలాగే పోయాడు. 2024 ఆగస్టులో ఇటలీ క్లబ్ నాపోలికి, సుమారు రెండున్నర కోట్లకు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, టైటిల్ తేల్చే మ్యాచ్‌లో కాల్యారీ మీద గాల్లోకి ఒరిగి అతను కొట్టిన ఆ గోల్ నేను ఫోన్‌లో చూస్తున్నాను. నాపోలి చాంపియన్లు, సీజన్‌కే ఉత్తమ ఆటగాడు మనవాడు. మన పుస్తకంలో అది ఒక లాభం గీత.

పోగ్బాని 2016లో 8.9 కోట్లకు తెచ్చి 2022లో పైసా రాకుండా పంపించామని మళ్ళీ గుర్తు చేయను. చేశాను, సారీ.

జెర్సీదే తప్పంటే నవ్వొస్తుంది గానీ, ఒక్కసారి మాత్రం అది నిజంగానే నిందితురాలైంది. 1996 ఏప్రిల్, సౌతాంప్టన్‌లో మ్యాచ్. బూడిద రంగు జెర్సీ వేసుకుని హాఫ్‌టైమ్‌కి 3-0 వెనకబడ్డాం. ఎండలో జనం మధ్య తోటి ఆటగాడే కనిపించడం లేదని ఫెర్గూసన్ అందరి చేతా జెర్సీలు విప్పించాడు. నీలం, తెలుపు వేసుకుని రెండో సగం ఆడారు. 3-1తో ఓడారు. ఆ బూడిద రంగులో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, దాన్ని మళ్ళీ వేసుకోలేదు కూడా. మరి ఆ సీజన్ ఏమైంది? లీగూ మనదే, ఎఫ్ఏ కప్పూ మనదే. లోపల సరుకున్న టీమ్‌కి జెర్సీ ఒక మధ్యాహ్నపు తలనొప్పి.

"అయితే ఏం చేయమంటావన్నా, చేతులు కట్టుకు కూర్చోమంటావా?" అని అడుగుతారు. 2010లో అభిమానులు క్లబ్ ఎరుపు వదిలి ఆకుపచ్చ, బంగారు రంగు కండువాలు కట్టుకొచ్చారు, క్లబ్ న్యూటన్ హీత్‌గా ఉన్నప్పటి రంగులవి. ఓల్డ్ ట్రాఫర్డ్ నిండా ఆ కండువాలే కనపడేవి. చూడ్డానికి రోమాలు నిక్కబొడుచుకునేవి. గ్లేజర్లు కదల్లేదు. 2005లోనే కొందరు విసిగిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, ఇప్పటికీ నడుపుకుంటున్నారు. వాళ్ళంటే నాకు గౌరవం, కొంచెం అసూయ కూడా. నాకంత తెగింపు లేదు. శనివారం వచ్చిందంటే మళ్ళీ ఈ దరిద్రపు టీమే చూస్తాను.

కానీ కాలర్ మీద పెట్టే మూడొందల మెసేజ్‌ల్లో ముప్పై ఆ వడ్డీ మీద పెట్టినా, గ్రూపుకి కాస్త బుద్ధొచ్చిందనుకుంటాను. స్టేడియం పైకప్పు నుంచి నీళ్ళు జలపాతంలా కారిన వీడియో చూసి నవ్వుకున్నాం కదా. ఇప్పుడు లక్షమంది పట్టే కొత్త స్టేడియం, 200 కోట్ల పౌండ్లతో అంటున్నారు. ఆ డబ్బు ఎవరు తెస్తారు, ఎవరి పేరున రాస్తారు? జెర్సీ రంగు మీద కొట్టుకునేవాళ్ళలో ఒక్కరూ ఇది అడగలేదు.

ఇదంతా టైప్ చేస్తుండగానే ఆ తమ్ముడు విడిగా మెసేజ్ పెట్టాడు. "అన్నా, తిట్టాను గానీ ఆర్డర్ పెట్టేస్తున్నా. వెనక ఎవరి పేరు వేయించుకోమంటావ్?"

నా అలమరలో ఉన్నవి గుర్తొచ్చాయి. వాన్ పెర్సీ, పోగ్బా, సాంచో. పోగ్బా జెర్సీ మీద ఆరో నంబర్ అంచు లేచిపోయి గోటికి తగులుతూ ఉంటుంది.

"ముందు ఒప్పందం ఎప్పటిదాకా ఉందో చూసుకోరా" అన్నాను.