మెమ్‌టెస్ట్ పాసైతే ర్యామ్ బాగున్నట్టేనా?

కంప్యూటర్ ర్యామ్ (తాత్కాలిక మెమరీ)ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంలో ఎర్రర్లు రాకపోతే ఆ ర్యామ్ నిక్షేపంగా ఉన్నట్టేనని ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేయడం తొందరపాటు. మెమ్‌టెస్ట్86 విండోస్ లోడ్ కాకముందే, గ్రాఫిక్స్ కార్డుకు పనేమీ లేనప్పుడు నడుస్తుంది కాబట్టి, కఠినమైన లెక్కలు చేయించి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాం బ్లెండ్ టెస్టులో ప్రాసెసర్, మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటాను నడిపే భాగం), ర్యామ్ మూడూ ఒకేసారి వేడెక్కినప్పుడు బయటపడే లోపం దానికి చిక్కకపోవచ్చు. అలాగని ప్రైమ్95 ఎర్రర్ చూపగానే దోషం ర్యామ్‌దేననీ అనలేం. ఎక్కువగా ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌లోనే నడిచే, ప్రైమ్95లోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్షలోనూ ఎర్రర్ వస్తే ముందు ప్రాసెసర్‌ను అనుమానించాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మనం కొనే డీడీఆర్4 రకం ర్యామ్ స్టిక్కు మీది 3600 అనే వేగపు అంకె, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను ఆ వేగంలో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి 1.2 వోల్టులకు బదులు సాధారణంగా 1.35 ఇస్తేనే వచ్చేది, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడపడం, ఓవర్‌క్లాకింగే. ఎక్స్ఎంపీ ఆపగానే ఎర్రర్లు పోతే, షాపుకు పరిగెత్తే ముందు వేగాన్ని 3200కు తగ్గించి మళ్లీ (వేడి ఎక్కువుండే మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలోనే) పరీక్షించడం మేలు.