ఆ పొదరింట్లో గుమ్మం తెర ఎవరు నేశారు?

స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే పల్లెలో, ఏటి ఒడ్డున ఓ ఎర్రటి చెక్క ఇల్లుంది. పేరు లిల్లా హిట్నెస్. నెల రోజులుగా దాని ఫోటోలు చూస్తున్నాను, తనివి తీరడం లేదు. ఆ ఎరుపు దగ్గర్లోని ఫాలూన్ రాగి గనిది. గని మట్టిలోని రంగుకు రై అనే ధాన్యం పిండి, అవిసె నూనె, నీళ్లు కలిపి ఉడకబెడితే వచ్చే పూత. స్వీడన్ పల్లెల్లో చెక్క గోడలకు తరతరాలుగా అదే వేస్తున్నారు.

ఆ ఇంటిని అందరూ 'చిత్రకారుడు కార్ల్ లార్సన్ ఇల్లు' అంటారు. ఆ మాట దగ్గరే నాకు కడుపు మండుతోంది.

1888లో కార్ల్‌కీ, ఆయన భార్య కారిన్‌కీ ఆ ఇల్లు ఇచ్చింది కారిన్ వాళ్ల నాన్న. కారిన్ కూడా చిత్రకళ చదువుకున్న మనిషే. ఫ్రాన్స్‌లో గ్రే అనే ఊళ్లో, స్వీడన్ చిత్రకారులంతా చేరే చోట ఇద్దరికీ పరిచయం. 1883లో పెళ్లి. తర్వాత ఎనిమిది కాన్పులు. కుంచె దాదాపుగా పక్కకు పోయింది. కానీ ఆ చేతులు ఊరుకోలేదు. మగ్గం పట్టాయి, సూది పట్టాయి. కుర్చీలు ఎలా ఉండాలో కాగితం మీద గీసి ఊళ్లో వడ్రంగితో చేయించింది. పిల్లల బట్టలు, పని చేసుకోవడానికి వీలుగా తన వదులు గౌన్లు, దిండు గలీబులు, గోడకు వేలాడే నేతలు అన్నీ ఆమె ఆలోచనలే. కార్ల్ ఆ గదులను ఒక్కొక్కటిగా నీటిరంగుల్లో వేశాడు. ఆ బొమ్మలు 1899లో పుస్తకంగా వచ్చి ఆ ఇంటిని లోకానికి చూపించాయి. బొమ్మ గీసినవాడి పేరు అందరికీ తెలిసింది. ఆ బొమ్మలో కనిపించే దిండు కుట్టినావిడ పేరు ఎంతమందికి తెలుసు?

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక గుమ్మం తెర. భార్యాభర్తల పడకగదుల మధ్య వేలాడదీయడానికి నేసింది. పేరు 'ప్రేమ గులాబీ'. పువ్వును ఉన్నదున్నట్టు నేయకుండా, సాదా రూపాలుగా మార్చి, ఎంతవరకు అవసరమో అంతే ఉంచింది. ఇప్పుడు చూసినా నిన్న నేసినట్టుంటుంది. తీరిక దొరికినప్పుడు ఏదో కుట్టుకునే ఇల్లాలి పని అని దాన్ని తీసిపారేసేవాళ్లతో నేను వాదనకు సిద్ధం.

ఆమె 1928లో పోయింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1997లో పెట్టిన పెద్ద ప్రదర్శనకు పేరులో కార్ల్‌తో పాటు కారిన్‌నీ కలిపారు. అప్పటికి ఆమె పోయి దాదాపు డెబ్బై ఏళ్లు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటి ఇళ్లు చూసి మనం ఏం చేస్తాం? ఓ కిట్ కొంటాం, వీడియో చూసి అచ్చం అలాగే చేస్తాం, ఎక్కడ పెట్టాలో తెలియక అట్టపెట్టెలో పడేస్తాం. నేనూ చేశాను. కారిన్ ముందు చోటు చూసుకుంది. ఈ గుమ్మానికి తెర కావాలి, ఈ బల్లకు దిండు కావాలి అనుకున్నాకే చేయి కదిపింది. అందుకే ఆ ఇంట్లో ఏ వస్తువూ తెచ్చిపెట్టినట్టు అనిపించదు. నేనూ ఈసారి కిట్ కొనలేదు. మధ్యాహ్నం ఎండ నేరుగా కళ్లల్లో కొట్టే మా కిటికీకి పాత దుప్పటి కొలిచి కత్తిరించాను. అంచున ఒక్క తీగ. కాడకుట్టుతో కాడ పూర్తయింది, ఆకులు మిగిలాయి.

ఆ దారం కోసం బీరువా వెతుకుతుంటే అమ్మ అల్లిన క్రోషే టేబుల్ క్లాత్ బయటపడింది. నా చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఉంది. ఎవరొచ్చినా "ఎంత బాగుందో" అనేవారు. ఎవరు అల్లారని అడిగినవాళ్లు నాకు గుర్తు లేరు. దాని వెనక ఓ చిన్న గుడ్డముక్క కుట్టి, పెన్సిల్ ఇచ్చి, "ఇక్కడ నీ పేరు రాయమ్మా, దాని మీద నేను కుడతాను" అన్నాను.

"దీనికి పేరెందుకే?" అంది. కానీ కళ్లజోడు తెచ్చుకుని, గుడ్డను మోకాలి మీద సాగదీసి పట్టుకుని, పూర్తి పేరు రాసింది. ఇంటిపేరుతో సహా.