సవరణ: 30 నిమిషాల సిలిండరు 30 నిమిషాలు రాదు

అగ్నిమాపక సిబ్బంది భద్రత గురించి ఇంతకుముందు రాసినప్పుడు, వీపున తగిలించుకునే 30 నిమిషాల గాలి సిలిండరుతో లోపల 30 నిమిషాలు పనిచేయవచ్చనీ, గాలి తగ్గిందని హెచ్చరించే అలారం మోగగానే వెనక్కి తిరిగితే చాలనీ అన్నాను. రెండూ తప్పే. రెండోది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కాబట్టి, ఆ మాటలను చెరిపేసి ఊరుకోకుండా విడిగా రాస్తున్నాను.

ఆ 30 నిమిషాలు నిమిషానికి 40 లీటర్ల గాలి పీలుస్తారన్న లెక్క మీద కట్టినవి. అంటే సిలిండరులో ఉండేది సుమారు 1,200 లీటర్లు. బరువైన రక్షణ దుస్తులతో, నీరు నిండిన గొట్టాన్ని లాగుతూ మెట్లెక్కే మనిషి అంతకు రెట్టింపు పీల్చడం మామూలే. అప్పుడు 15 నిమిషాలకే గాలి అయిపోతుంది. తిరిగి వచ్చే సమయం కూడా అందులోదే! అమెరికా ప్రమాణాల్లో 2013లో అలారం మోగే స్థాయిని సిలిండరు గాలిలో 25 శాతం మిగిలినప్పటి నుంచి 33 శాతం మిగిలినప్పటికి పెంచారు. ఆ మూడో వంతు, దారి తప్పినప్పుడో పైకప్పు కూలినప్పుడో ఆదుకోవలసిన నిల్వ. అలారం మోగేలోపే బయటికి వచ్చేయాలి.

శిక్షణ గురించి ఒక్క వాక్యంతో దాటేయడం కూడా నా పొరపాటే. ఎవరి గాలి వాడకం వారిదే. వయసుతో, ఒంటి సత్తువతో, భయంతో అది మారుతుంది. మాస్కు పెట్టుకుని, నిజమైన పని చేస్తూ, గేజి చూసుకుంటేనే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది తెలుసుకున్న అంకెను పదేళ్ల తర్వాత నమ్మకూడదు. చిమ్మచీకటి పొగలో, మందపాటి చేతి తొడుగులతో వాల్వు వెతికి తిప్పడం, రేడియోలో ఆపద సందేశం పంపడం కూడా అంతే. నెలల తరబడి సాధన లేకపోతే చేతులు ఆ పని మరిచిపోతాయి.