కొత్తవాడన్న జాలి రోడ్డు పనుల దగ్గర పనికిరాదు

లైసెన్సు చేతికొచ్చి ఏడాది కూడా తిరగని డ్రైవరు రోడ్డు పనులు సాగుతున్న చోట పరిమితిని మించిన వేగంతో వెళ్లి కెమెరాకు చిక్కితే, సస్పెన్షన్ నోటీసు అందీ అందకముందే సానుభూతి మొదలవుతుంది. పాపం కొత్త, మొదటి తప్పు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, జరిమానాతో పోయేదానికి లైసెన్సు దాకా ఎందుకు వెళ్లాలి అని అడిగేవారికి కొదవ ఉండదు. ఈ వాదనలో జాలి ఎంత ఎక్కువో తర్కం అంత తక్కువ. శిక్ష తగ్గించడానికి సాకుగా చూపుతున్న ఆ కొత్తదనమే సస్పెన్షన్‌కు అన్నిటికంటే బలమైన కారణం. రోడ్డు పనుల దగ్గరైతే ఆ కారణానికి మరింత బలం చేకూరుతుంది.

నిబంధనల సంగతి చాలామందికి తెలిసిందే. బ్రిటన్‌లో 1997 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం తొలి రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు (ట్రాఫిక్ తప్పులకు లైసెన్సు మీద నమోదయ్యే మార్కులు) పడితే లైసెన్సు రద్దవుతుంది; మళ్లీ లెర్నర్‌గా మొదలుపెట్టి థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ గట్టెక్కాలి. అనుభవజ్ఞులకు ఆ గీత మూడేళ్లలో పన్నెండు పాయింట్ల దగ్గర ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో తొలి దశ ప్రొవిజనల్ లైసెన్సుదారు (పూర్తి లైసెన్సు ఇంకా రాని కొత్త డ్రైవరు) వేగ పరిమితిని కాస్త దాటినా కనీసం నాలుగు పాయింట్లు పడతాయి, ఆ నాలుగుతోనే కనీసం మూడు నెలల సస్పెన్షన్ వస్తుంది. అమెరికాలో అనేక రాష్ట్రాలు పనుల ప్రాంతంలో అతివేగానికి జరిమానాను రెట్టింపు చేశాయి. కొత్త డ్రైవరు విషయంలో ఒక రకం కాఠిన్యం, పనుల ప్రాంతం విషయంలో మరో రకం కాఠిన్యం ఉండాలని చట్టాలు విడివిడిగా నిర్ణయించుకున్నాయి. రెండూ ఒకే మనిషి దగ్గర కలిసినప్పుడు సడలింపు కోరడం విచిత్రం.

ఒకసారి లెక్క వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు సుమారు 11 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుందనుకుంటే ఆలోపు దాదాపు 17 మీటర్లు, బ్రేకు పడ్డాక పొడి తారురోడ్డు మీద మరో 9 మీటర్లు, మొత్తం 26 మీటర్లలో బండి నిలుస్తుంది. అదే చోటికి 80తో వచ్చిన కారు బ్రేకు పడకముందే 33 మీటర్లు దాటేస్తుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటును రెండో కారు ఏమాత్రం వేగం తగ్గకుండా దాటుకుపోతుంది. ఆ 26వ మీటరుకు కాస్త అవతల ఒక మనిషి పార పట్టుకుని వంగి ఉన్నాడనుకుంటే, మొదటి కారు అతని ముందు ఆగుతుంది; రెండో కారు అతణ్ని 80 కిలోమీటర్ల వేగంతోనే ఢీకొడుతుంది. డ్రైవరు నైపుణ్యం ఎంతటిదైనా ఈ లెక్క మారదు. పైగా ఇది పొడి రోడ్డు లెక్క. కంకర పరచిన చోట, ఇసుక జారిన చోట, నీళ్లు చల్లి రోలరు తిప్పుతున్న చోట బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఊరికే కాదు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆగే దూరం కూడా కాదు, రోడ్డు పక్కన ఎత్తు తేడా. పాత పొరను యంత్రంతో చెక్కేసి కొత్త పొర ఇంకా వేయని చోట, లేదా కొత్త పొర వేశాక పక్కన మట్టి ఇంకా నింపని చోట, లేను అంచున కొన్ని అంగుళాల మెట్టు మిగిలిపోతుంది. ఇరుకు చేసిన లేనులో వెళ్తున్న కారు కుడి చక్రమో ఎడమ చక్రమో ఆ మెట్టు కిందికి దిగిందనుకోండి. అనుభవం ఉన్న డ్రైవరు స్టీరింగును గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించుకుని, ఆ తర్వాతే నెమ్మదిగా పైకెక్కిస్తాడు. కొత్త డ్రైవరుకు మాత్రం ఒక్కటే తోస్తుంది: వెంటనే పైకి రావాలి. స్టీరింగు తిప్పుతాడు, టైరు పక్కభాగం మెట్టును రాసుకుంటుందే తప్ప పైకెక్కదు. ఇంకొంచెం తిప్పుతాడు, ఇంకొంచెం తిప్పుతాడు. చివరికి టైరు ఒక్కసారిగా పైకెక్కేసరికి ముందు చక్రాలు అప్పటికే బాగా పక్కకు తిరిగి ఉంటాయి కనుక కారు క్షణంలో అవతలి లేనులోకి, ఎదురుగా వస్తున్న వాహనం మీదికి దూసుకుపోతుంది. తక్కువ వేగంలో ఇదే తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. 80లో ఉండదు. రోడ్డు పనుల దగ్గర తక్కువ పరిమితి పెట్టడానికి ఇదొక ముఖ్యమైన కారణం. ఇది బోర్డు మీద రాసి ఉండదు, డ్రైవింగ్ స్కూలులోనూ సాధారణంగా చెప్పరు.

కొత్త డ్రైవరు చూపు గురించి పరిశోధకులు చాలాకాలం నుంచి గమనిస్తున్న విషయం ఒకటుంది. అనుభవజ్ఞుల కళ్లు దూరంగా, పక్కలకు, అద్దాల్లోకి తిరుగుతూ ఉంటే, కొత్తవారి కళ్లు ఎక్కువగా బానెట్టుకు కాస్త ముందున్న రోడ్డు మీదే నిలిచిపోతాయి. మామూలు రోడ్డు మీద ఆ లోపాన్ని ఖాళీ స్థలం, వెడల్పాటి లేన్లు, అలవాటైన గుర్తులు కొంత కప్పిపుచ్చుతాయి. రోడ్డు పనుల దగ్గర ఆ ఆసరా ఏదీ ఉండదు. పాత గీతలు చెరిపేసినా సగం కనిపిస్తుంటాయి, తాత్కాలిక గీతలు వాటిని అడ్డంగా దాటుతుంటాయి, కోన్లు లేనును మెల్లగా పక్కకు నెట్టుతుంటాయి, మలుపు అవతల వాహనాల వరుస ఎక్కడ ఆగి ఉందో కనిపించదు. ముందు వాహనాన్ని వెనకనుంచి గుద్దే ప్రమాదాలు పనుల ప్రాంతాల్లో మిగతా చోట్ల కంటే ఎక్కువగా జరగడానికి ఆ వరుస చివరే కారణం.

ఇందులో మరణిస్తున్నది ఎవరో కూడా చెప్పుకోవాలి. సానుభూతి పలికేవారు, విమర్శించేవారు ఇద్దరూ కూలీల గురించే మాట్లాడతారు. మెరిసే జాకెట్టు వేసుకుని, వీపు వెనక వచ్చే వాహనాలను నమ్మి పనిచేసే వారి ప్రాణానికి విలువ ఇవ్వడం సమంజసమే. కానీ అమెరికాలో పనుల ప్రాంతాల్లో జరిగే మరణాల్లో ప్రతి ఐదింటిలో సుమారు నాలుగు వాహనాల్లో ప్రయాణిస్తున్నవారివే. ఆ బోర్డు ఎవరో కూలీ కోసం తాను చేసే త్యాగమని డ్రైవరు భావిస్తున్నంత కాలం, కూలీ కనబడని క్షణంలో దాన్ని పట్టించుకోకపోవడం సహజం. ఆ బోర్డు కాపాడేది మొదట తన పక్క సీటులో కూర్చున్న స్నేహితుణ్ని అని తెలిస్తే, కూలీలు లేని రాత్రి కూడా దానికి అర్థం ఉంటుంది.

ఇంతా చేసి ఆదా అయ్యేదెంత? కిలోమీటరు పొడవున్న పనుల ప్రాంతాన్ని 40తో దాటడానికి 90 సెకన్లు పడుతుంది, 80తో అయితే 45. ముప్పావు నిమిషం. అవతల మొదటి సిగ్నలు దగ్గర అదీ పోతుంది.

ఎదుటివారి వాదనలో నిజం లేదనను. పని ముగిసి రోజులైనా తీయని బోర్డులు ఉంటాయి, లైసెన్సు పోతే ఉద్యోగం పోయేవారు ఉంటారు, బస్సు దొరకని చోట ఉండేవారికి సస్పెన్షన్ మిగతావారికంటే బరువుగా తగులుతుంది. మొదటిదానికి పరిష్కారం అధికారుల చేతిలో ఉంది: ఇంగ్లండ్‌లో మోటార్‌వే పనుల దగ్గర చాలాకాలం 50 మైళ్లుగా ఉన్న పరిమితిని పరీక్షించి చూసి, భద్రతకు భంగం లేని చోట్ల 60కి పెంచుతామని 2020లో ప్రకటించారు. పరిమితి ఎక్కువా తక్కువా అన్నది అలా కొలిచి తేల్చాల్సిన విషయం, స్టీరింగు పట్టుకున్న ప్రతివాడూ అప్పటికప్పుడు తేల్చుకునేది కాదు. ఉద్యోగం కోసం రోజంతా రోడ్డు మీద ఉండే కొత్త డ్రైవరు విషయంలోనైతే నాకు జాలి కంటే భయమే ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే అతను పనుల ప్రాంతాలను దాటేది మిగతావారికంటే ఎక్కువసార్లు.

అసలు చిక్కు ఇంకా వెనక ఉంది. లైసెన్సును మనం ఒక్కరోజులో పూర్తిగా దక్కే ఆస్తిగా చూడటం నేర్చుకున్నాం. పరీక్ష గట్టెక్కిన సాయంత్రం నుంచి కొత్త డ్రైవరుకూ పాతికేళ్ల అనుభవజ్ఞుడికీ ఒకే రోడ్డు, ఒకే వేగం, ఒకే హక్కు. ప్రమాదాల ముప్పు లైసెన్సు వచ్చిన తొలి నెలల్లోనే అత్యధికమని తెలిసినా ఈ ఏర్పాటును ప్రశ్నించేవారు తక్కువ. న్యూజిలాండ్ 1987లోనే దీన్ని కాదని లైసెన్సును దశలవారీగా ఇవ్వడం మొదలుపెట్టింది: మొదట లెర్నర్, తర్వాత రాత్రి ప్రయాణం, తోటి ప్రయాణికుల విషయంలో ఆంక్షలతో కూడిన లైసెన్సు, ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. చాలా దేశాలు ఆ బాట పట్టాయి. లైసెన్సంటే విడతలవారీగా ఇచ్చే నమ్మకమని అంగీకరిస్తే, దాన్ని ఒక విడత వెనక్కి తీసుకోవడంలో క్రూరత్వం ఏమీ కనిపించదు. పరీక్ష ఏమి కొలుస్తోందన్నది కూడా అడగాలి. బ్రిటన్ 2002లో థియరీ పరీక్షకు ప్రమాదాన్ని ముందే పసిగట్టే వీడియో పరీక్షను చేర్చింది. చాలా చోట్ల ఇప్పటికీ పార్కింగు, గేర్లు, సిగ్నళ్లతోనే పని ముగుస్తుంది. కోన్ల మధ్య ఇరుకు లేనులో ఒక్కసారైనా బండి నడపకుండానే పూర్తి లైసెన్సు చేతికి వస్తుంది.

అందుకే సస్పెన్షన్‌ను సమర్థిస్తూనే, ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టే సస్పెన్షన్‌తో సరిపెట్టడాన్ని నేను సమర్థించను. జర్మనీ పద్ధతి ఇక్కడ ఆలోచించదగినది. ప్రొబేషన్‌లో, అంటే లైసెన్సు వచ్చిన తొలినాళ్ల పరిశీలన కాలంలో, ఉన్న డ్రైవరు పరిమితిని గంటకు 20 కిలోమీటర్లకు మించి దాటితే ప్రత్యేక శిక్షణకు తప్పనిసరిగా హాజరు కావాలి, రెండేళ్ల ప్రొబేషన్ నాలుగేళ్లకు పెరుగుతుంది, శిక్షణకు వెళ్లకపోతే లైసెన్సు పోతుంది. దానికి న్యూ సౌత్ వేల్స్ తరహా సస్పెన్షన్‌ను కలిపితే సరైన కొలత వస్తుందని నా నమ్మకం. మూడు నెలలు బండికి దూరంగా ఉండాలి. ఆ మూడు నెలల్లో శిక్షకుడి పక్కన కూర్చుని, మైదానంలో అమర్చిన అంచు మెట్టు మీద నుంచి చక్రాన్ని ఎలా ఎక్కించాలో 40లో ఒకసారి, 60లో ఒకసారి స్వయంగా చూడాలి. లైసెన్సు తిరిగి ఇచ్చే ముందు పెట్టే పరీక్షను నిజంగా పనులు సాగుతున్న రోడ్డు మీదే, అక్కడి బోర్డు చెప్పిన వేగంలో, మొదటి కోను నుంచి చివరి కోను దాకా పెట్టాలి. అందులో తప్పితే మరో మూడు నెలలు ఆగాల్సిందే, ఈసారి కూడా కొత్త అన్న మినహాయింపు లేకుండా.