ప్రూఫ్ అంటే రుజువేనా?

పోయిన నెల మా అమ్మాయి బ్రెడ్ పిండి కలిపి మూతపెట్టి మర్చిపోయింది. తీసి చూస్తే గిన్నె అంచు దాకా వచ్చేసి, పైన బుడగలు. వేలితో నొక్కితే గుంట పడిపోయి అలాగే ఉంది. సరిగ్గా పొంగిన పిండయితే ఆ గుంట నెమ్మదిగా పూడుకోవాలి. "ఓవర్‌ప్రూఫ్ అయిపోయింది నాన్నా" అంది, అంటే మోతాదు మించి పొంగిపోయిందని. ఘాటైన రమ్ సీసాల మీద తప్ప నేనా మాట చూడలేదు. "ప్రూఫ్ అంటే రుజువు కదా, పిండికి రుజువేంటి?" అని తనే అడిగింది.

రుజువు అనే అర్థం పట్టుకుంటే జవాబు దొరకదు. ప్రూఫ్‌కి మూలమైన లాటిన్ మాటకు పరీక్షించి చూడడం అని అర్థం. వెనకటికి బ్రిటన్‌లో మద్యంతో తుపాకీ మందు తడిపి నిప్పు పెట్టేవారట. అంటుకుంటే సరుకు గట్టిది, అంటుకోకపోతే నీళ్లు కలిసినట్టు. తర్వాత ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్లు వచ్చాయి. పాత బ్రిటిష్ లెక్కలో 100 ప్రూఫ్ అంటే ఆల్కహాల్ సుమారు 57 శాతం, అమెరికాలో 50 శాతం. ఆ గీత దాటినదే ఓవర్‌ప్రూఫ్. బ్రెడ్ చేసేవాళ్లూ ఈస్ట్ బతికుందో లేదో గోరువెచ్చని నీళ్లలో వేసి చూస్తారు, దాన్నీ, పిండిని పొంగనివ్వడాన్నీ ప్రూఫింగే అంటారు. వాటర్‌ప్రూఫ్, అచ్చు ప్రూఫులు దిద్దడం, అన్నిట్లోనూ ఉన్నది ఆ పరీక్షే.

మన వారాంతపు తెలుగు తరగతుల్లో పిల్లలకిచ్చే 'జతపరచండి' కాగితాల మీద నాకున్న అభ్యంతరం ఇదే. ప్రూఫ్‌కి ఎదురుగా రుజువు అని గీత గీయిస్తాం, మార్కు వేస్తాం. పిల్లకి ఇంగ్లిష్ మాటా సగమే తెలుస్తుంది, తెలుగు మాటా సగమే. నిగ్గు తేల్చడం, గీటురాయి మీద గీసి చూడడం లాంటి మాటలు ప్రూఫ్‌కి ఎంత దగ్గరివో చెప్పే అవకాశం పోతుంది.

ఇంకో మంచి అవకాశం కూడా పోతుంది. పిండి పులిసింది అంటాం, కల్లు పులిసింది అంటాం. బ్రెడ్ పిండిలోనూ కల్లులోనూ ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండిలో మనకు కావలసింది ఆ గ్యాస్, కల్లులో ఆల్కహాల్. ఇంగ్లిష్ మాట మనిషి పెట్టే పరీక్షను పట్టుకుంటే, తెలుగు మాట లోపల జరిగే పనినే పట్టుకుంది. ఇంత చక్కటి పాఠాన్ని ఒక గీతతో సరిపెడుతున్నాం. వచ్చే ఏడాది కాగితాల్లో విడి మాటలకు బదులు వాక్యాలు ఇద్దామని ఉపాధ్యాయులను అడుగుతున్నాను. రాసిపెట్టే పని నేను తీసుకుంటాను.

ఆ రోజు మా అమ్మాయికి చెప్పాను, దీన్ని మనం 'పులిసిపోయింది' అంటామని. పిండిని మళ్లీ పిసికి, ఉండ చేసి, ఈసారి ఫోన్‌లో అలారం పెట్టుకుంది.