నిప్పు లేని పొగ ఎక్కడ కొనాలి?

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు నిశ్చింతగా ఉన్నారు. తర్కశాస్త్రంలో మొదటి పాఠం కూడా అదే. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది అని శిష్యుల చేత తరతరాలుగా వల్లె వేయించారు. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఈ పాఠానికి గండి కొట్టాడు. దేన్నీ కాల్చకుండానే ద్రవాన్ని మబ్బుగా మార్చి నోట్లోంచి వదిలించాడు. నిజానికి అంతకు చాలా ముందే, 1963లో, హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ పొగాకు లేని, పొగ రాని సిగరెట్‌కి పేటెంటు అడిగి 1965లో పుచ్చుకున్నాడు. కానీ అప్పట్లో అందరి జేబుల్లోనూ అగ్గిపెట్టెలు నిండుగా ఉండడంతో ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అలా అనుమాన ప్రమాణం, అంటే ఒకటి చూసి ఇంకొకటి ఊహించుకునే దారి, కూలిపోయింది. మిగిలినవాటిలో మనకి పనికొచ్చేవి ప్రత్యక్షం, అంటే కళ్లారా చూడడం, శబ్దం, అంటే నమ్మదగ్గవాళ్ల మాట. ఈ రెండింటి మధ్యే ఇప్పుడు పెద్ద సిద్ధాంత యుద్ధం నడుస్తోంది. వేప్ లిక్విడ్‌ని, అంటే ఈ-సిగరెట్‌లో పోసే ద్రవాన్ని, షాపుకి వెళ్లి కళ్లారా చూసి కొనాలని ఒక మతం. ఆన్‌లైన్‌లో పదిమంది రాసిన మాట నమ్మి తెప్పించుకోవాలని రెండో మతం. చదువరులు పొరబడకూడదు, నేను చెబుతున్నది వేప గురించి కాదు, వేప్ గురించి. వేప చేదు, మంచిదని పెద్దలు బలవంతంగా మింగించేవాళ్లు. వేప్ తీపి, దీన్ని ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు.

ఈ యుద్ధాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. నాకో మిత్రుడున్నాడు. పేరు చెబితే వాళ్లింట్లో తెలిసిపోతుంది కాబట్టి చెప్పను. ఉండేది యూరప్‌లో. వాడు సిగరెట్లు మానేశాడు. అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి, మెచ్చుకున్నాను కూడా. సిగరెట్ల రోజుల్లో వాడికి కొనడం అంటే అర నిమిషం పని. వెళ్లడం, వేలు చూపించడం, రావడం. ఇప్పుడు లిక్విడ్ కొనడానికి వాడికి మూడు సాయంత్రాలు పడుతోంది. మొదటి సాయంత్రం అధ్యయనం, రెండో సాయంత్రం షాపు, మూడో సాయంత్రం ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో అదే సరుకు చూసుకుని బాధపడడం.

వస్తువు చూస్తే ఇంత గొడవ పడేంత పెద్దదేం కాదు. సీసాలో ఉండేవి నాలుగే. ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, ఫ్లేవరు, కావాలంటే నికోటిన్. మొదటిది పలచన, అది గొంతులో గీరుతుంది. రెండోది చిక్కన, అది మబ్బులు తెస్తుంది. వీటిని పీజీ, వీజీ అని ముద్దుగా పిలుచుకుంటారు. యాభైకి యాభైనా, డెబ్బైకి ముప్ఫైనా అన్నది జాతకం చూసినంత శ్రద్ధగా చూస్తారు. ఫ్లేవరు గురించి మాత్రం సీసా మీద ‘ఫ్లేవరింగ్స్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లు ఎక్కువ. నాలుగింటిలో అసలు లోతుగా అడగాల్సింది దాని గురించే. దాన్ని మాత్రం వదిలేస్తారు.

షాపుకి నన్నోసారి వెంట తీసుకెళ్లాడు. లోపలికెళ్తే మబ్బుల్లో అడుగు పెట్టినట్టుంది. నారదుడు ఎదురొచ్చినా ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు. కౌంటర్ వెనకాల కుర్రాడు ఒక సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టాడు. మామిడిపండు వాసన. మావాడు కళ్లు మూసుకుని రెండుసార్లు పీల్చి, మూడోసారి సీసాని కొంచెం దూరం జరిపి పీల్చి, ‘కింద చిన్న పుదీనా తగులుతోంది’ అన్నాడు. పెట్రోలుకీ కిరసనాయిలుకీ తేడా తెలియని ముక్కు వాడిది. కుర్రాడు మాత్రం చాలా గౌరవంగా తలూపాడు. వాసన వేరు, వేడెక్కి ఆవిరయ్యాక వచ్చే రుచి వేరు అన్న సంగతి ఆ కుర్రాడికి తెలుసు. అయినా ప్రత్యక్ష ప్రమాణం ముందు అడ్డు చెప్పడం మర్యాద కాదు కదా.

షాపు మతానికి బలం లేదని నేనను. ఆ కుర్రాడు మావాణ్ణి ఏ పరికరం వాడుతున్నావని అడిగాడు. నికోటిన్ సాల్ట్, అంటే గొంతులో మెత్తగా దిగే రకం నికోటిన్, బలంగా ఉన్న లిక్విడ్‌ని పెద్ద మబ్బులు వచ్చే ట్యాంకులో పోస్తే తల తిరిగి, కడుపులో తిప్పుతుందని హెచ్చరించాడు. దాల్చినచెక్క, నిమ్మ రకాల ఫ్లేవర్లలో కొన్ని ప్లాస్టిక్ ట్యాంకుకి పగుళ్లు తెస్తాయని చెప్పాడు. ముఖం చూసి వయసు కార్డు కూడా అడిగాడు. నలభై దాటినవాణ్ణి కార్డు అడిగినందుకు మావాడు వారం రోజులు పొంగిపోయాడు.

కానీ చివర్లో ఆ కుర్రాడు ‘ఇది మీ కోసమే’ అని పై అరలోంచి తీసిన సీసా మీద వేలిముద్ర పడేంత దుమ్ముంది. లోపల ద్రవం కషాయం రంగుకి తిరిగింది. నికోటిన్‌కి గాలీ వెలుతురూ తగిలితే రంగు మారుతుంది, వెనిలా కలిసినవైతే ఊరికే ఉన్నా ముదురుతాయి. అందుకే రంగొక్కటే చూసి పాడైందనడానికీ లేదు, బాగుందనడానికీ లేదు. ‘బాగా ఊరింది’ అన్నాడు కుర్రాడు. ఆవకాయకి తప్ప ఆ మాట ఇంకెక్కడా వినని నేను నోరు మూసుకున్నాను. మావాడు కొనేశాడు.

ఇక శబ్ద ప్రమాణం. ఆన్‌లైన్‌లో దుమ్ము కనపడదు, అది మొదటి సుఖం. ఫ్లేవర్లు లెక్కలేనన్ని. ఏ పండో చెబితే పరువు తక్కువ అన్నట్టు వాటికి పేర్లన్నీ మహా యుద్ధాలవీ, తుఫానులవీ, డ్రాగన్లవీ. ఏది ఏమిటో తేల్చుకోవాలంటే రివ్యూలే గతి. మావాడు నాకు చదివి వినిపించినవాటిలో ఒకాయన ఐదు స్టార్లిచ్చి ‘ప్యాకింగ్ అద్భుతం, ఇంకా తెరవలేదు’ అని రాశాడు. ఒకావిడ ‘మా తమ్ముడి కోసం కొన్నాను, వాడికి నచ్చిందనుకుంటా’ అంది. ఇంకొకాయన ఒకే ఒక్క స్టారు ఇచ్చాడు. పార్సిల్ పక్కింట్లో ఇచ్చారని కోపం. వేదవాక్యాల మీద వ్యాఖ్యానాలు రాసినవాళ్లు కూడా ఇంత దూరం పోలేదు.

వయసు పరీక్ష చూసి తీరాలి. కొన్ని సైట్లు కార్డులూ గట్రా అడుగుతాయి, ఇంటి గుమ్మం దగ్గర కూడా సరిచూస్తాయి. ఇంకొన్ని సైట్ల తలుపు దగ్గర ఒకే ప్రశ్న ఉంటుంది, నీకు పద్దెనిమిది నిండాయా అని. అవును అంటే లోపలికి, కాదంటే బయటికి. ఇంత నమ్మకం మనుషుల మీద ఏ దేవుడూ పెట్టుకోలేదు. పదమూడేళ్ల కుర్రాడు ఆ ప్రశ్న ముందు సత్యహరిశ్చంద్రుడై ‘కాదు’ నొక్కి వెళ్లిపోతాడని వాళ్ల ఆశ.

పైగా డెలివరీ చార్జీ అనే మాయ ఒకటుంది. ఒక్క సీసాకి చార్జీ పడుతుంది, మూడు కొంటే పడదు. మావాడు చార్జీ మిగుల్చుకోవడానికి రెండు సీసాలు ఎక్కువ కొన్నాడు. మిగిలింది ఎంతో లెక్క చెప్పమంటే మాట మార్చాడు. మూడింటిలో ఒకటి దారిలో కారి, డబ్బా అంతా జిగురు. ఇంకొకటి తెరిచాక నచ్చలేదు. తెరిచింది వాపసు తీసుకోరు. తెరవకుండా నచ్చలేదని తెలియదు. ఇది కదా అసలైన మాయావాదం!

రెండు మతాలూ తలొంచేది ప్రభుత్వాల ముందే. యూరోపియన్ యూనియన్‌లో 2014 నాటి నిబంధన ప్రకారం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లకు మించకూడదు. చట్టం చిన్న సీసా అనగానే వ్యాపారం పెద్ద సీసాలో నికోటిన్ లేకుండా ఇచ్చింది. 60 పట్టే సీసాలో 50 పోసి, పైన ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న 10 మిల్లీలీటర్ల చిట్టి సీసా వంచుకుంటే మొత్తం బలం మిల్లీలీటరుకి 3 మిల్లీగ్రాములకు దిగుతుంది. పదో తరగతి లెక్కల్లో గట్టెక్కడానికి చచ్చిన మావాడు ఇప్పుడు ఈ లెక్క నిద్రలో కూడా చెబుతాడు.

అమెరికాలో 2019 చివర్లో కొనే వయసుని 21కి పెంచారు. 2021లో అక్కడి తపాలా శాఖ ఈ సరుకుని ఇళ్లకి మోయడం దాదాపుగా మానేసింది. ఆస్ట్రేలియాలో 2024 నుంచి మందుల షాపులోనే దొరుకుతుంది. భారతదేశం 2019లో తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధించి ఈ శాస్త్రచర్చకే మంగళం పాడింది. అక్కడ షాపు మేలా ఆన్‌లైన్ మేలా అని అడిగితే, రెండింటికీ ఒకటే జైలు అని జవాబు. అమ్మినవాడికి తొలి తప్పుకి ఏడాది వరకు.

ఈ వాదంలో పేరు వినపడని మూడో మతం ఒకటుంది, ‘తెలిసినవాడు’. షాపూ కాదు, సైటూ కాదు, ‘మనవాడే, తక్కువకిస్తాడు’. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. 2019లో అమెరికాలో వేప్ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని జనం ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క 2,807, అందులో చనిపోయినవాళ్లు 68 మంది. చాలామంది వాడింది గంజాయిలో ఉండే టీహెచ్‌సీ కలిసిన సరుకు. అది కూడా ఎక్కువగా స్నేహితులు, బంధువులు, వీధి దళారులు, ఆన్‌లైన్ దళారుల దగ్గర కొన్నది. ద్రవం చిక్కగా కనపడాలని కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ మీదే ప్రధానంగా నేరం తేలింది. చర్మానికి రాసుకుంటే మామూలుగా ఏమీ కాదు, మింగినా మామూలుగా ఏమీ కాదు, పీలిస్తే అలా అయింది.

మింగడం, పీల్చడం అన్న తేడా దగ్గర షాపూ ఆన్‌లైనూ కౌగిలించుకుంటాయి. ఫ్లేవరు సంగతి అడిగితే షాపు కుర్రాడు ‘ఫుడ్ గ్రేడ్’ అన్నాడు. సైటులో కూడా ‘ఫుడ్ గ్రేడ్’ అనే ఉంది. తినడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్ కడుపుకి ఇచ్చింది, ఊపిరితిత్తులకి ఎవరూ ఇవ్వలేదు. వెన్న రుచి తెచ్చే డైఎసిటైల్ పాప్‌కార్న్‌లో నిక్షేపంగా తింటారు. కానీ 2000లో అమెరికాలోని మిస్సోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాని ఆవిరి రోజంతా పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నట్టు బయటపడింది. ఈ ముక్క చెబితే మావాడు మన భాషనే నా మీదకి తోశాడు.

‘ఒరేయ్, సిగరెట్‌ని మనం ఏం చేస్తాం?’
‘తాగుతాం.’
‘తాగేది కడుపులోకే కదా వెళ్తుంది! మరి ఫుడ్ గ్రేడ్ అంటే తప్పేంట్రా?’

పొగని ‘తాగడం’ అని మొదట అన్నదెవరో గానీ, ఒక వ్యాపారం మొత్తానికి వకాల్తా పుచ్చుకున్నాడు.

మొన్న రాత్రి వాళ్లింటికెళ్తే భోజనాల బల్ల మీద న్యాయస్థానం వెలిసింది. ఒక పక్క షాపులో కొన్న సీసా, ఇంకో పక్క ఆన్‌లైన్‌లో వచ్చిన సీసా. రెండూ ఒకే పేరు, ఒకే ఫ్లేవరు. వేలి మీద నికోటిన్ చుక్క పడితే ఉలిక్కిపడి సింకు దగ్గరికి పరిగెత్తి సబ్బుతో రుద్దుకుని వచ్చాడు. చర్మంలోంచి కూడా దిగుతుందట. పీల్చేదాన్ని ముట్టుకుంటే అంత భయమేమిట్రా అంటే, ‘ముట్టుకోవడం వేరు’ అన్నాడు. తర్వాత నా చేత ఫోను కెమెరా పట్టించి, చీమ కాళ్లంత అక్షరాలని పెద్దవి చేయించి బ్యాచ్ నంబరు చదివించాడు. ఒకటే నంబరు. గడువు తేదీ ఒకటే. తయారీ చిరునామా ఒకటే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. షాపు సీసాలోంచి ఒక దమ్ము, ఆన్‌లైన్ సీసాలోంచి ఒక దమ్ము పీల్చి చూశాడు. ‘అయినా షాపుదే గొంతులో బాగా పడుతోంది’ అని తీర్పిచ్చాడు.

‘దీన్ని చదవలేదేంట్రా?’ అన్నాను నేను, డబ్బా ముందు వైపు చూపిస్తూ. దానికి కెమెరా అక్కర్లేదు. డబ్బాలో మూడో వంతుకి కొంచెం తక్కువగా, నల్లటి లావు అక్షరాలతో ఉంది, ఇందులో నికోటిన్ ఉంది, అది తీవ్రంగా అలవాటుపడేలా చేసే పదార్థం అని.

వాడు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి తిప్పి చూశాడు.

‘అది రెండింటి మీదా ఉందిరా,’ అన్నాడు. ‘పోల్చడానికి పనికిరాదు.’