జెలటిన్ పూల ఫార్వర్డు: ఒక్కో ముక్కకీ జవాబు

"చైనా గ్రాస్‌తో అద్దంలాంటి పూలు! పిల్లలు రేకులతో సహా తినేయొచ్చు, పూర్తి శాకాహారం" అనే మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. కేకుల మీద పెట్టే ఈ పూలకి రేకు ఆకారంలో వంచిన తీగ వలయాన్ని కరిగించిన జెలటిన్‌లో ముంచి తీస్తారు, వలయంలో పడ్డ పొర ఆరితే అదే అద్దంలాంటి రేకు. పంపేవాళ్లలో ఇంటి నుంచి కేకులు అమ్మేవాళ్లూ ఉన్నారు, ఒళ్లు మండేది అందుకే. రాసినవారు చైనా గ్రాస్ పద్ధతినీ జెలటిన్ పద్ధతినీ ఒకే గిన్నెలో పోశారు. చాలదన్నట్టు షోకేసులో పెట్టే పువ్వునీ, నోట్లో పెట్టుకునే పువ్వునీ కలిపేశారు.

"చైనా గ్రాస్, జెలటిన్ రెండూ ఒకటే." కావు. మొదటిది సముద్రపు నాచు నుంచి తీసేది. రెండోది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఎగ్‌లెస్ కావాలని మరీ మరీ చెప్పిన కస్టమర్ కేకు మీద జెలటిన్ రేకు గుచ్చి, డబ్బాకి ఆకుపచ్చ చుక్క అంటిస్తే దాన్ని మోసం అంటారు. పోనీ నిజంగానే చైనా గ్రాస్ వాడదామంటే, దాని పొరకి సాగే గుణం తక్కువ. ఆరేకొద్దీ ముడుచుకుని తీగ అంచున చిరుగుతుంది. వెజ్ పువ్వే కావాలంటే వేఫర్ పేపర్‌తో, అంటే పిండితో చేసిన తినే పలచని కాగితంతో చేసుకోండి.

"పది నిమిషాలు తెర్లనివ్వండి." ఇది చైనా గ్రాస్‌కి చెప్పాల్సిన మాట. జెలటిన్‌ని అలా తెర్లిస్తే పట్టు తగ్గిపోతుంది, రేకు పొర నిలవదు. ఒక చెంచా పొడిని మూడు చెంచాల చన్నీళ్లలో చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. గిన్నెని వేడినీళ్ల మీద పెట్టి, ద్రవం తేటపడగానే దించాలి. పైన తేరిన తెల్ల నురగ తీసేయాలి, లేకపోతే రేకు మీద బుడగల మచ్చలు పడతాయి. తీగ వలయాన్ని ద్రవంలో దాదాపు పడుకోబెట్టి, ఒక అంచు నుంచి మెల్లగా పైకి లేపితే పొర పడుతుంది. లేపిన వెంటనే చిట్లితే ద్రవం ఇంకా వేడిగా ఉందన్నమాట, కాసేపు ఆగండి. గడ్డలు గడ్డలుగా అంటుకుంటే చల్లారిపోయింది, మళ్లీ వేడినీళ్ల మీద పెట్టండి. తర్వాత థర్మోకోల్‌కి గుచ్చి రాత్రంతా గాలికి ఆరనివ్వాలి.

"ఒకే దిక్కున కలపాలి." ఏ దిక్కైనా పర్లేదు, నురగ రాకుంటే చాలు. "చిటికెడు ఉప్పు వేస్తే మెరుపు." వేసినా వేయకపోయినా అదే మెరుపు.

ఇక అసలు దారుణం. "హార్డ్‌వేర్ షాపులో బైండింగ్ వైరు తెచ్చి వలయాలు చుట్టండి... పువ్వు మొత్తం తినొచ్చు." మొత్తం అంటే వైరుతో సహానా? సెంట్రింగ్ ఇనుప చువ్వలు కట్టే తీగ అది. నూనె జిడ్డు, తుప్పు దానితోనే వస్తాయి. తడి జెలటిన్ తగిలితే ఆ తుప్పు రేకు అంచున గోధుమరంగు గీతలా దిగుతుంది. అది పోయి శుభ్రమైన స్టీలు తీగే వాడారనుకోండి, ప్రతి రేకు చుట్టూ తీగ ఉంటుంది కదా! జెలటిన్ నోట్లో కరుగుతుంది, తీగ కరగదు. మూడేళ్ల పిల్ల గొంతులోకి వెళ్లేది అదే. కాబట్టి తీగతో చేసిన పువ్వు అలంకారానికే. దాని కాడని నేరుగా కేకులోకి గుచ్చకుండా, స్ట్రా ముక్కలోనో పూల పిక్‌లోనో (కాడ కేకుకి తగలకుండా పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ గొట్టం) పెట్టి దించాలి. కోసేముందు తీసేయమని కస్టమర్‌కి నోటితో చెప్పాలి, డబ్బా మూత మీదా రాయాలి. తినే రేకులకి తీగ ఉండదు. సిలికాన్ ఆకు అచ్చుకి నూనె చెయ్యి రాసి, ద్రవాన్ని కుంచెతో పలచగా పూసి, అంచులు తమంతట తామే లేచేదాకా ఆరనిచ్చి ఒలుచుకోవాలి.

"ఫ్రిజ్‌లో ఆరబెట్టండి." దీన్ని కొట్టిపారేయలేను. మే నెలలో విజయవాడ గది వేడికి జెలటిన్ గడ్డకట్టదు, పొర కారి కిందకి దిగిపోతుంది. ఏసీ లేనప్పుడు మొదటి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టడమే సరైన పని. ఈ ముక్క రాసిన చెయ్యి ఎవరిదో గానీ పని తెలిసిన చెయ్యే! కాకపోతే ఆరిన పువ్వుని మళ్లీ ఫ్రిజ్‌లోకి తోయకూడదు. బయటికి తీయగానే చెమ్మ పట్టి వాలిపోతుంది, వానాకాలం మూత తీసి వదిలేసిన పూతరేకుల్లా. క్రీమ్ కేకు మీద కూడా రేకు అడుగు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది గనుక, పువ్వు పెట్టేది డెలివరీ అయ్యాకే.

"మెరిసే రంగు ఏదైనా సరే." హోలీ రంగు కూడానా స్వామీ? తినే రేకుకి తినే రంగే. క్రాఫ్ట్ గ్లిటర్ సీసా మీద నాన్ టాక్సిక్ అని ఉంటే తినొచ్చని కాదు, ఎడిబుల్ అని రాసి ఉండాలి.

"ఎన్నేళ్లైనా చెక్కుచెదరవు." గాజు పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెడితే చాలాకాలం ఉంటాయి. బయట పెట్టాలంటే పైన వార్నిష్ కొట్టాలి. వార్నిష్ కొట్టిన పువ్వు ఇక కేకు మీదికి ఎక్కకూడదు.